నూట పన్నెండు కిటికీల నేరం

అయ్యా, నాలుగంతస్తుల ఆఫీసుకి నూట పన్నెండు కొత్త కిటికీలు బిగించిన పెద్దమనుషులారా, మిమ్మల్నే. అద్దాల కంపెనీవాళ్లు ఇచ్చిన రంగుల పుస్తకం చూసి మురిసిపోయారు. రిబ్బను కత్తిరించారు. కిటికీ పక్కన నిలబడి ఫొటోలు దిగారు. కరెంటు ఆదా మీద అరగంట ప్రసంగం చేశారు. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ఆ అద్దం మీద అరచెయ్యి పెట్టి చూశారా? చూడలేదు. చెయ్యి పెట్టి చూసినవాడు ఏసీ మేస్త్రి ఒక్కడే. ఉద్యోగం ఊడేదాకా వచ్చింది కూడా అతనికే.

ఆ రోజు పొద్దున మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా మేడ మీదికెక్కి ఏసీ మిషన్ల జాలీలు కడిగెయ్యాలి. పదింటికి పరిపాలనాధికారి గదికి వెళ్లి, ఏడాదికొకసారి కాంట్రాక్టు కాగితం మీద పడే సంతకం వేయించుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి ఆ కాగితం భార్యకి చూపించాలి. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. పాత కాగితం గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుంది. సంతకం పడకపోతే తెల్లారేసరికి గేటు దగ్గర అతని కార్డు పనిచెయ్యదు. యాభై ఒకటో ఏట కొత్త చోట పని వెతుక్కోవడం గురించి ఆ ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడలేదు గానీ, వారం రోజులుగా ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు.

"ఈ ఒక్కరోజూ ఎవరితోనూ వాదన పెట్టుకోకండి," అంది భార్య, గడప దగ్గర.

"నేనెప్పుడు వాదించాను?"

ఆమె పనిసంచి అందించింది. చెప్పడం మొదలుపెడితే అతనికి ఆలస్యమైపోతుంది.

పరిపాలనాధికారిని ఆఫీసులో అందరూ సర్క్యులర్ గారు అంటారు. ముఖం మీద కూడా అంటారు, ఆయన అభ్యంతరం చెప్పలేదు, అది బిరుదనుకుంటున్నాడు. ఒక విషయం కాగితం మీద రాసి, నంబరు వేసి, కింద హాల్లో బోర్డుకి గుచ్చితే ఆ పని జరిగిపోయినట్టేనని ఆయన గట్టి నమ్మకం. గుచ్చిన కాగితాన్ని పీకడం మాత్రం ఆయన పద్ధతి కాదు. పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకోటి. ఆ బోర్డు మందం పెరిగి పెరిగి పరుపులా తయారైంది. కొత్త గుండుసూదులు చెక్క దాకా పోవడం మానేసి చాలా కాలమైంది.

మేస్త్రి పదింటికి కాగితం చాపితే సర్క్యులర్ గారు పెన్ను తియ్యలేదు. సొరుగులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. మొదటిది అద్దాల కంపెనీ కంప్యూటర్ వేసిన అంచనా: రెండు పొరల అద్దాలు బిగిస్తే ఎండ వేడి లోపలికి రాదు, ఏసీకి అయ్యే కరెంటు మూడో వంతు తగ్గుతుంది. రెండోది మీటరు చెప్పిన మాట: బిగించిన ఇరవై రెండు రోజుల్లో కరెంటు ఐదో వంతు పెరిగింది.

"అద్దాలు మారాకే పెరిగింది కదా సార్. అద్దాలనే అడగాలి," అన్నాడు మేస్త్రి.

"అద్దాలు కంప్యూటర్‌లో పాసయ్యాయి. నువ్వు పాసయ్యావా?"

మూడింటికి తనిఖీ సంఘం వస్తుందనీ, కరెంటు ఆదా చేసిన భవనమని ధ్రువపత్రం ఇస్తుందనీ, అది రాకపోతే డైరెక్టరు గారి పరువు పోతుందనీ సర్క్యులర్ గారు వివరించాడు. మిషను ఇంత కరెంటు ఎందుకు తాగుతోందో రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చేదాకా సంతకం లేదన్నాడు. పద్నాలుగేళ్లలో మేస్త్రికి వచ్చిన మొదటి మెమో అది. దానికీ నంబరుంది.

రెండు గంటలపాటు మేడ మీద ఒక్కో మిషన్నీ విప్పి చూశాడు. బెల్టు సరిగ్గానే ఉంది, గ్యాసు సరిగ్గానే ఉంది, ఫ్యాను పిచ్చెక్కినట్టు తిరుగుతోంది. పంపే గాలి పద్నాలుగు డిగ్రీలు. పుట్టి బుద్ధెరిగాక ఆ మిషను అంత కష్టపడటం అతను చూడలేదు. భోజనానికి రాలేనని భార్యకి ఫోన్ చేశాడు. సంతకం అయిందా అని ఆమె అడిగింది. అవుతోందన్నాడు.

ఒంటిగంట దాటాక మూడో అంతస్తులో పడమటి వైపున్న రికార్డుల గదికి వెళ్లాడు. అక్కడ పిన్ని కూర్చుని ఉంది. రికార్డులన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. యాభై ఏడేళ్ల మనిషి. ఆవిడ కంటే పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. కిటికీ తెరలు తీయించేశారు, కొత్త అద్దాలు తనిఖీ సంఘానికి కనబడాలని. అందుకని ఆవిడ కుర్చీ వీపుకి పురికొసతో గొడుగు కట్టుకుని, దాని నీడలో ఫైలు రాసుకుంటోంది.

"ఏం మేస్త్రీ, మమ్మల్ని ఉడికిస్తున్నావా, వేయిస్తున్నావా? ఏదో ఒకటి తేల్చి చెబితే దానికి తగ్గట్టు కూర్చుంటాం."

మేస్త్రి నేరుగా కిటికీ దగ్గరికెళ్లి గది వైపున్న అద్దం మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. థర్మామీటరు ఆనించి చూస్తే నలభై మూడు. ఎండ వేడిని బయటే ఆపవలసిన అద్దం, గదిలోపల కుంపటిలా కాగుతోంది. అతను ఒక చిన్న చీటీ రాసి సర్క్యులర్ గారికి పంపాడు: 'పడమటి గదుల్లో వేడి చాలా ఎక్కువగా ఉంది. కారణం చూడాలి.'

అదే అతను చేసిన పొరపాటు. కారణం చూడమని రాసిన కాగితం సర్క్యులర్ గారికి దొరికితే ఆయన చూసి ఊరుకునే మనిషి కాడు. గదిలో వేడి ఎక్కువగా ఉందంటే గదిలో ఎవరో పుట్టిస్తున్నారన్నమాట. అద్దాలు నిర్దోషులని కంప్యూటరే చెప్పింది. ఇక మిగిలినవి రెండే: నీళ్లు కాచుకునే కెటిల్, మనుషులు. రంగుల పుస్తకంలో ఇరవయ్యో పేజీలో ఉండనే ఉంది, కూర్చుని పనిచేసే ఒక్కో మనిషీ దాదాపు ఒక వంద వాట్ల పాతకాలపు బల్బంత వేడి వదులుతాడని. సర్క్యులర్ గారు లెక్క కట్టాడు. ఈ భవనంలో రెండు వందల పది బల్బులు పట్టపగలు వెలుగుతున్నాయి, ఆర్పే నాథుడు లేడు.

పావుగంటలో రెండు సర్క్యులర్లు వచ్చాయి. మొదటిది కెటిళ్లన్నీ జప్తు చేసింది. రెండోది ఇదీ: 'ఏసీ మేస్త్రి సమర్పించిన నివేదిక మేరకు, గదుల్లో వేడిని తగ్గించుటకై, సిబ్బందిలో సగం మంది అరగంట చొప్పున వంతుల వారీగా వరండాలో నిలబడవలెను.'

మూడో అంతస్తులో ఈ వార్త వరండాలో నిలబడటంగానే ఉంది. రెండో అంతస్తుకి దిగేసరికి సగం మందిని సెలవు మీద పంపడమైంది. కింది అంతస్తుకి చేరేసరికి సగం మందిని తీసేస్తున్నారు, ఎవరెవరు వేడి మనుషులో పేర్లు మేస్త్రి జేబులో ఉన్నాయి. మంచినీళ్లకని కిందికి దిగిన మేస్త్రిని పదిమంది చుట్టుముట్టారు. ఒకాయన తన వేడి ఎంతని రాశాడో చెప్పమన్నాడు. ఇంకొకాయన, కాస్త లావుపాటి మనిషి, తన పేరు మొదట రాశాడని విన్నానంటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. టైపు సెక్షన్ అమ్మాయి మాత్రం ఏడవలేదు. పద్నాలుగేళ్లు మా గాలి పీల్చి మామీదే నివేదిక రాశావు కదా బాబాయ్ అంది. అదే అతనికి గట్టిగా తగిలింది.

పైవాడు కరెంటు తాగుతున్నావంటాడు. పక్కవాడు కడుపు కొడుతున్నావంటాడు. నేరమంతా చేసింది మాత్రం ఎదురుగా గోడలో దర్జాగా నిలబడి మెరుస్తోంది. మేస్త్రి ఒళ్లు మండిపోయింది. రెండేసి మెట్లెక్కుతూ మళ్లీ పడమటి గదికి వచ్చాడు.

"నువ్వేం రాసుంటావో నాకు తెలుసులే," అంది పిన్ని. "కూర్చో. వేడి మనుషులిద్దరం ఒకేచోట ఉంటే వాళ్లకి లెక్క తేలిక."

అతను కూర్చోలేదు. అద్దాన్ని కిందినుంచి పైదాకా, శత్రువుని చూసినట్టు చూశాడు. ఓ మూల కంపెనీ లేబుల్ అతికించి ఉంది. పెద్దక్షరాల్లో కంపెనీ పేరు. ఇరవై రెండు రోజులుగా అందరికీ కనిపిస్తున్నది ఆ పేరే. దానికింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వరస ఉంది. పిన్ని భూతద్దం అడిగి తీసుకుని చదివాడు. 'ఈ ముఖం భవనం బయటి వైపు ఉండవలెను.'

చదివింది అతను గదిలోపల నిలబడి.

రెండు అద్దాల మధ్య గాలి కదలని సందు. బయటి అద్దానికి సందు వైపున కంటికి కనబడని పల్చటి వెండి పూత. ఎండ వేడిని వచ్చిన దారినే తిప్పి పంపేది ఆ పూతే. తిప్పి బిగిస్తే పూత లోపలి అద్దం మీదికి వచ్చేస్తుంది. వేడి మొదటి అద్దం దాటి వచ్చి లోపలి అద్దాన్ని కాలుస్తుంది. బయటికి పోదామంటే మధ్య సందు పోనివ్వదు. ఇంకెక్కడికి పోతుంది, పిన్ని నెత్తి మీదికి కాక? అయినా లేబుల్ ఒక్కటీ చూసి ఇంతమాట అనెయ్యకూడదు. కంపెనీలో ఎవడో లేబులే తప్పు పక్కన అంటించాడేమో. రూఢి చేసుకోవాలి. వెనకటికి ఒక అద్దాల పనివాడు చెప్పిన కిటుకు మేస్త్రికి గుర్తొచ్చింది. అద్దం ముందు దీపం పెడితే నాలుగు ముఖాల్లో నాలుగు మంటలు కనిపిస్తాయి. పూత ఉన్న ముఖంలోది రంగు తేడాగా ఉంటుంది. సరిగ్గా బిగించి ఉంటే, లోపలినుంచి చూసేవాడికి అది మూడోది కావాలి.

రికార్డు కట్టలకి లక్క సీలు వెయ్యడానికి పిన్ని సొరుగులో ఎప్పుడూ కొవ్వొత్తీ అగ్గిపెట్టే ఉంటాయి. వెలిగించి ఇచ్చింది. మేస్త్రి అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి, చేత్తో ఎండకి అడ్డం పట్టి లెక్కపెట్టాడు. ఒకటి పసుపు. రెండోది గులాబీ రంగు. మూడు పసుపు. నాలుగు పసుపు. మళ్లీ లెక్కపెట్టాడు. రెండోదే.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి వాచ్‌మన్ వచ్చాడు. పొద్దుటినుంచి మేస్త్రికి మెమో ఇవ్వడం, జనం మీద పడటం, అతను రుసరుసలాడుతూ మెట్లెక్కడం అన్నీ చూసినవాడు. ఇప్పుడతనికి కనబడింది ఇదీ: చుట్టూ పైకప్పు దాకా కాగితాల కట్టలు, మధ్యలో మేస్త్రి, ఒక చేతిలో వెలిగే కొవ్వొత్తి, చొక్కా జేబులోంచి బయటికి వేలాడుతున్న మెమో.

"మేస్త్రీ, వద్దు. ఇంట్లోవాళ్ల మొహం చూసైనా ఆగు."

"ఉండవయ్యా," అన్నాడు మేస్త్రి వెనక్కి తిరక్కుండా. "ఇది అయిపోయింది. ఇంక పక్క గదిలో కూడా వెలిగించాలి."

వాచ్‌మన్ ఆ మాటతో వెనుదిరిగాడు. వరండాలోకి పరిగెత్తి ప్రమాద ఘంటిక పెట్టె పగలగొట్టాడు.

ఘంటిక మోగితే మిషన్లు వాటంతటవే ఆగిపోతాయి, దీపాలు ఆరిపోతాయి, తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఐదు నిమిషాల్లో రెండు వందల పది మందీ వాహనాలు నిలిపే ఆవరణలోకి వచ్చిపడ్డారు. ఎర్రటి ఎండ. అయినా లోపలికంటే ఇక్కడే నయంగా ఉందని చాలామంది పైకే అన్నారు. డైరెక్టరు కోటు గుండీ పెట్టుకుంటూ దిగాడు. మేస్త్రిని వాచ్‌మన్ రెక్క పట్టుకుని దింపుతుంటే, వెనకాల పిన్ని కొవ్వొత్తి నాది, నాదీ అంటూ వచ్చింది.

తనిఖీ సంఘం పావుగంట ముందుగా రావాలా? వచ్చింది. ముగ్గురు. వాళ్లకి పెద్ద, జుట్టు నెరిసిన ఒక పొడుగాటి ఆవిడ. జనాన్ని చూసి, మోగుతున్న ఘంటిక విని, ఏదో విరామం గంట కాబోలనుకుంది. గేటు పక్కన మీటరు గదిలోకి వెళ్లి, ఐదు నిమిషాల తర్వాత మీటరు చెడిపోయిందా అని అడిగింది. చెడిపోలేదన్నారు. మళ్లీ చూసి వచ్చింది. పట్టపగలు ఇంత పెద్ద భవనం ఇంత తక్కువ కరెంటుతో నడవడం తన సర్వీసులో చూడలేదంది. సర్క్యులర్ గారు అంతా సర్క్యులర్ల ప్రకారమే జరిగిందని చెప్పాడు. ఆవిడ ఫారంలో గడులు నింపింది: భవనం వైశాల్యం, కిటికీల సంఖ్య, అద్దం మందం, మీటరు చూపిన అంకె. సంతకం చేసి, మొదటి శ్రేణి ధ్రువపత్రం డైరెక్టరు చేతిలో పెట్టింది. ఎండలో మండిపోతున్న రెండు వందల పది మందీ, అలవాటుకొద్దీ, చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు ఆనందానికి హద్దు లేకపోయింది. మిషన్ను ఇంత పొదుపుగా నడిపిన మనిషి ఎవరని అడిగి, వాచ్‌మన్ చేతిలోంచి మేస్త్రి రెక్క విడిపించి, కాంట్రాక్టు కాగితం అక్కడికక్కడే కారు ముందుభాగం మీద పెట్టి సంతకం చేసేశాడు. పొద్దుటినుంచి దేనికోసం తిరిగాడో అది చేతికొచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోతే చాలు. టైపు సెక్షన్ అమ్మాయి అతన్నే చూస్తోంది. లావుపాటాయన నీడకోసం కారు చక్రం పక్కన కూలబడి ఉన్నాడు.

మేస్త్రి కాగితం మడవలేదు.

"అమ్మా, ఒక్కమాట. మీరు చూసినప్పుడు మిషన్లు ఆగి ఉన్నాయి. లోపల ఒక్క మనిషి లేడు. వీళ్లందరూ లోపలికెళ్లాక ఒక్కసారి చదవండి."

ఆవిడ ఫారం పైనుంచి కిందికి చూసింది. "మా ఫారంలో మనుషులకి గడి లేదండీ."

"ఏమయ్యా," అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా, "సంతకం తడి ఇంకా ఆరలేదు."

అప్పుడు మేస్త్రి వాదించాడు. నూట పన్నెండు కిటికీల్లో లేబుల్ లోపలికి కనబడేవి నూట ఆరు, అవన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయన్నాడు. లేబుల్ మీద ఉన్నది చెప్పాడు, కొవ్వొత్తిలో కనబడింది చెప్పాడు, నలభై మూడు డిగ్రీలు చెప్పాడు. అద్దాలవాళ్లకి ఆమాత్రం తెలియదా అని డైరెక్టరు అడిగాడు. వాళ్లకి తెలుసు, వాళ్లకి తెలిసినట్టు చెయ్యనివ్వలేదన్నాడు మేస్త్రి. బిగించే రోజుల్లో ఏసీ గొట్టాలు సర్దుతూ అతను వాళ్ల పక్కనే ఉన్నాడు; అప్పుడు విన్న మాటలకి అర్థం ఇప్పుడు తెలిసింది. ఈలోగా పిన్ని హాల్లోకి వెళ్లి, బోర్డు మీది పరుపులో మోచేతిదాకా చెయ్యి దూర్చి, ఒక కాగితం లాక్కొచ్చి పైకి చదివింది. నంబరు నలభై ఒకటి. 'కంపెనీ లేబుళ్లు గది లోపలినుండి సందర్శకులకు కనబడునట్లు అద్దములు బిగించవలెను. తనిఖీ ముగియువరకు లేబుళ్లు తీయరాదు.' కింద సర్క్యులర్ గారి సంతకం.

"నా గదిలో చల్లగానే ఉందే," అన్నాడు డైరెక్టరు.

"మీ గదిలో ఆరు కిటికీలు అందరికంటే ముందు బిగించారు సార్. సరిగ్గా బిగించారు. లోపలినుంచి మీకు కంపెనీ పేరు కనబడలేదు. కనబడలేదని మీరు అన్నారు కాబట్టే ఈ కాగితం పుట్టింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే వేడి పుడుతుందని భయపడ్డారేమో.

"నా కుర్చీ ఖాళీగానే ఉంది సార్," అంది పిన్ని. "ఒక్క పది నిమిషాలు వచ్చి కూర్చోండి. ఈ అమ్మగారు కూడా వస్తారు."

తనిఖీ సంఘం ముందు కాదనడానికి వీల్లేకపోయింది. ఘంటిక ఆపించి, మిషన్లు వేయించి, అందరూ పైకెక్కారు. సూర్యుడు పడమటి కిటికీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొడుగు విప్పేసి డైరెక్టరుని కుర్చీలో కూర్చోబెట్టింది పిన్ని. మూడో నిమిషంలో కోటు తీశాడు. ఐదో నిమిషంలో మెడ గుండీ. ఏడో నిమిషంలో మిషన్ను ఇంకాస్త పెంచమన్నాడు.

"అంతకంటే లేదు సార్. పొద్దుటినుంచి అది ప్రాణం పెట్టి తిరుగుతోంది. అదిగో, పైన గాలి వచ్చేచోట చెయ్యి పెట్టండి. ఇప్పుడు అద్దం మీద పెట్టండి."

డైరెక్టరు పైన పెట్టాడు, చల్లగా ఉంది. అద్దం మీద పెట్టి చటుక్కున లాక్కున్నాడు. వెనకాలే తనిఖీ ఆవిడ కూడా పెట్టి లాక్కుంది. అరచెయ్యి చూసుకుని, ఫారం వెనక్కి తిప్పి, గడులు లేని ఖాళీ పక్కన ఏదో రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూనే, ఆ ధ్రువపత్రం ఒకసారి ఇలా ఇస్తారా అని అడిగి తీసుకుని తన సంచిలో పెట్టేసుకుంది.

సర్క్యులర్ గారు వంగి చెవిలో అడిగాడు, మేస్త్రి కాగితం మీది సంతకం కొట్టెయ్యమంటారా అని. గదంతా వినబడేలా అడిగాడు. మేస్త్రి ఆ కాగితాన్ని తనే తీసి బల్ల మీద, డైరెక్టరు ముందు పెట్టాడు.

"కొట్టెయ్యాలంటే కొట్టెయ్యండి సార్. ఈ కుర్చీలో కూర్చునే కొట్టెయ్యండి."

డైరెక్టరు చెమట కారి కాగితం మీద పడింది. ఆయన చాలాసేపు ఆ సంతకం వైపు చూశాడు, ఆ పైన అద్దం వైపు, ఆ పైన మిషను గాలి వచ్చే వైపు. తర్వాత కాగితం తీసి మేస్త్రి చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"ముందా గొడుగు ఇటివ్వండి," అన్నాడు పిన్నితో. మేస్త్రితో, "ఏం చెయ్యాలంటావు?"

మేస్త్రి సర్క్యులర్ గారి వైపు తిరిగాడు. ఆయన అప్పటికే కాగితం తీసి నంబరు వేసుకున్నాడు.

"రాసుకోండి. అద్దాల వాళ్లని ఇప్పుడే పిలవాలి. రేపు మధ్యాహ్నం ఎండ ఇటు తిరిగేలోపల పడమటి వైపు అద్దాలన్నీ విప్పి, తిప్పి బిగించాలి. మిగతావి వారంలోపల. కెటిళ్లు ఈ సాయంత్రమే వెనక్కివ్వాలి. వరండాలో ఎవరూ నిలబడరు. చివరి అద్దం తిరిగేదాకా డైరెక్టరు గారి ఆఫీసు ఈ గదిలో, రికార్డుల గది ఆయన గదిలో."

సర్క్యులర్ గారి పెన్ను చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆయన తలెత్తి డైరెక్టరు వైపు చూశాడు.

"ఆయన్నేం చూస్తారు," అంది పిన్ని. "రాయండి."